కాముని మంట: ఇంటి పండుగల చరిత్ర

మన పండుగలను గురించి రెండు రకాల మాటలు తరచు వినవస్తుంటాయి. పండుగలన్నీ వేదకాలం నుంచి ఏ మార్పూ లేకుండా వస్తున్నవనీ, వాటిలో ఏ చిన్న అంశాన్ని ప్రశ్నించినా సంస్కృతికి ద్రోహమేననీ ఒక పక్షం. పండుగలన్నీ పురోహితుల కల్పన అనీ, హేతువాది అయినవాడు వాటిని గుమ్మం బయటనే ఆపెయ్యాలనీ రెండో పక్షం. ఎంత దెబ్బలాడుకున్నా ఈ ఇద్దరూ ఒక విషయంలో ఏకీభవిస్తున్నారు: పండుగ పురోహితుడి సొత్తు అని ఇద్దరూ ఒప్పుకుంటున్నారు. చలికాలం చివర, వసంతం మొదట మన ఇళ్ళలో జరిగే పండుగల చరిత్రను కొంచెం శ్రద్ధగా చూస్తే, ఈ ఒప్పుకోలు ఎంత పొరపాటో తెలుస్తుంది.

నాకు ఈ ప్రశ్న గ్రంథాలలో ఎదురుకాలేదు, ఇంట్లోనే ఎదురయింది. మొన్నటి ఫాల్గుణ పున్నమినాడు నా మనుమరాలు అడిగింది: "తాతా, మనం దేవుణ్ణి నమ్మం గదా, మరి ఈ మంట ఎందుకు వేస్తున్నం?" వెంటనే జవాబు చెప్పలేకపోయాను. మా నాయిన అయితే చెప్పేవాడు. వెయ్యవద్దు అనేవాడు, అంతటితో అయిపోయేది. నేను అట్లా అనలేను. ఎందుకు అనలేనో చెప్పాలంటే ముందు మా గల్లీ సంగతి చెప్పాలి.

1

సికింద్రాబాదును మేము లష్కర్ అనే పిలిచేవాళ్ళం. లష్కర్ అంటే దండు. 1798 నాటి సంధి ప్రకారం నిజాం ఖర్చు మీద నిలిచిన కుంఫిణీ సైన్యం హుస్సేన్ సాగరుకు ఉత్తరాన దిగింది. ఆ దండే 1806లో మూడవ నిజాం సికందర్ జా పేరు పెట్టుకొని ఊరయింది. దండు వెంట ఎవరెవరు రావాలో వాళ్ళంతా వచ్చారు. తమిళ దేశం నుంచి ముదలియార్లు, బొంబాయి వైపు నుంచి పార్సీ వర్తకులు, రైలుదారి బెజవాడను కలిపాక కోస్తా జిల్లాల గుమాస్తాలు, చుట్టుపక్కల తెలంగాణా పల్లెల నుంచి కూలినాలి చేసుకునేవాళ్ళు. ఎవరి సామాను వెంట వారి పంచాంగం కూడా వచ్చింది.

అందుచేత నేను పెరిగిన రెజిమెంటల్ బజారు గల్లీలో జనవరి నుంచి ఏప్రిల్ దాకా పండుగ ఒక ఇంటి నుంచి మరొక ఇంటికి నడిచి వెళుతున్నట్టుండేది. కోస్తావారి ఇంట భోగినాడు పిల్లల నెత్తిన రేగుపళ్ళూ చిల్లర పైసలూ పోసేవారు. ఆ మర్నాడు తమిళుల వాకిట్లో కొత్త కుండలో పాలు పొంగేవి. మాఘంలో రథసప్తమి. శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్ళిపోయేది. ఫాల్గుణం రాగానే మా తెలంగాణా ఇళ్ళ పిల్లలం కోలలు పట్టుకొని జాజిరి పాడుతూ ఇల్లిల్లూ తిరిగి, కట్టెలూ పిడకలూ అడుక్కొచ్చి కాముని మంట వేసేవాళ్ళం. మార్చి 21న పార్సీల నౌరోజు. 1847లోనే ఇక్కడ అగ్ని ఆలయం కట్టుకున్నవాళ్ళు వాళ్ళు. ఆ రోజు వాళ్ళ గడప మీద సుద్దముగ్గూ, ద్వారానికి పూలతోరణమూ చూసి, మా అమ్మ "వీళ్ళకూ ఉగాదేనే" అనేది. పంచాంగశాస్త్రం చదవని మా అమ్మ చెప్పిన ఆ మాట ఎంత నిజమో నాకు చాలా ఏండ్లకు గాని తెలియలేదు.

మా నాయిన రైలు వర్కుషాపులో పని చేసేవాడు. గట్టి హేతువాది. "మా ఇంట్లో పండుగల్లేవు" అని గర్వంగా చెప్పుకునేవాడు. రథసప్తమి తెల్లవారుజామున మా అమ్మ పెరట్లో పిడకలు పేర్చి పాలు పొంగిస్తూ, "కట్టెలు తడిసినై, అందుకే పిడకల మీద కాస్తున్న" అనేది. ఏటా అదే రోజున కట్టెలు ఎట్లా తడుస్తున్నవో నాయిన ఎన్నడూ అడగలేదు. ఆ మాత్రపు సంధి మా ఇంట్లో నడిచింది.

మా ఇంట్లోనే మా మేనత్త ఉండేది. భువనగిరి దగ్గరి పల్లెలో పుట్టి, పందొమ్మిదో ఏట భర్త పోయి, అన్న ఇల్లు చేరిన మనిషి. జాజిరి పాటలు నాకు నేర్పింది ఆమెనే. రాత్రి పూట, దీపం తగ్గించాక, చిన్న గొంతుతో పాడి కోల దరువు నా అరచేతి మీద వేసి చూపేది. కాని కాముని పున్నమి మర్నాడు గల్లీ అంతా రంగులో మునిగితే ఆమె వెనక గదిలో ఉండేది. ఉగాది పొద్దున తన ముఖం ఎవరికీ ముందుగా కనబడకూడదని తానే చాటుకు పోయేది. ఇన్ని మూఢాచారాలను తెగనాడిన మా నాయిన, "అక్కా, ఇవతలికి రా, మా దగ్గర కూచో" అని ఒక్కనాడూ అనలేదు. మంటను మాన్పించాడు గాని, ఆ గది తలుపు తెరిపించలేదు.

ఇంకొకటి కూడా చెప్పుకోవాలి, ఇది నా తప్పు. మంటకు అందరికన్న ఎక్కువ పిడకలు తెచ్చేవాడు మా వెనక బస్తీ పిల్లవాడు. మర్నాడు వాడు మా గడప దాకా వస్తే భక్ష్యం ఆకులో పెట్టి కింద ఉంచేవారు. దాహమంటే వాడి దోసిట్లోకి పైనుంచి నీళ్ళు పోసింది నేనే. నాకప్పుడు పదేళ్ళు. వాడు తెచ్చిన పిడకకు లేని మైల వాడి చేతికి ఎట్లా వచ్చిందని నాకప్పుడు తోచలేదు. ఇప్పుడు తోచినా, ఆ నీళ్ళు తిరిగి చెంబులోకి రావు.

2

ఈ పండుగల వంటి వాటిని పాశ్చాత్యులు "పేగన్" పండుగలు అంటారు. ఆ మాటకు పుట్టుపూర్వోత్తరాలు చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. లాటిన్ భాషలో "పేగస్" అంటే పల్లె, "పేగానస్" అంటే పల్లెటూరివాడు. రోమక సామ్రాజ్యంలో క్రైస్తవం పట్టణాలలోనూ కొలువులలోనూ పాతుకున్నాక, పాత వేల్పులను వదలనివాళ్ళకు ఆ పేరు అంటుకుంది. మన దగ్గర "గ్రామ్యం" అన్న మాట చరిత్ర కూడా ఇటువంటిదే. గ్రామంలో పుట్టింది గనుక గ్రామ్యం, గ్రామ్యం గనుక అసభ్యం. పల్లె భాషను ఏ తర్కంతో బడి నుంచి వెళ్ళగొట్టజూశారో, పల్లె పండుగను అదే తర్కంతో గుడి బయట నిలబెట్టారు.

పల్లెటూరివాడి పండుగ పెద్దలకు ఎంత కంటకమయిందో చెప్పడానికి ఒక్క శాసనం చాలు. క్రీ.శ. 392 నవంబరు 8న చక్రవర్తి థియొడోసియస్ ఒక ఆజ్ఞ జారీ చేశాడు. గుళ్ళలో బలులను నిషేధించడంతో ఆ ఆజ్ఞ ఆగలేదు. ఎవడూ తన ఇంట్లో సైతం గృహదేవతకు నిప్పు వెలిగించరాదు, మద్యం ధారపోయరాదు, ధూపం వెయ్యరాదు, దండలు వేలాడగట్టరాదు అని ఉంది. రాజ్యం పొయ్యిగడ్డ దాకా వచ్చిందన్నమాట. అయినా ఏమయింది? ఫిబ్రవరి 15న రోములో జరిగే లుపెర్కాలియా అనే ఉత్సవాన్ని, ఆ ఆజ్ఞ వెలువడిన నూరేళ్ళకు కూడా పోపు గెలాసియస్ ఖండించవలసి వచ్చింది. జనం అప్పటికీ దాన్ని మానలేదు గనుకనే ఆయనకు ఆ అవసరం కలిగింది.

నిషేధించలేని దానికి పేరు మార్చడం తర్వాతి ఎత్తు. ఐర్లండులో ఫిబ్రవరి 1న, గొర్రెలు ఈని పాలు దిగే వేళ, "ఇంబోల్క్" అనే పండుగ ఉండేది. ఆ రోజు బ్రిజిడ్ అనే క్రైస్తవ సాధ్వి పేరు మీదికి వచ్చింది. 2023 నుంచి ఆ దేశంలో దానికి ప్రభుత్వ సెలవు కూడా ఉన్నది. ఇంగ్లీషువారు ఈస్టరు అనే పండుగకు ఆ పేరు "ఎయోస్త్రె" అనే వేల్పు మాసం నుంచి వచ్చిందని 725లో బీడ్ అనే సన్యాసి రాశాడు. ఆ వేల్పును గురించి ఆయన రాసిన ఆ కొద్ది మాటలే తప్ప మరే పాత సాక్ష్యమూ లేదు. నేడు ఐరోపా, అమెరికాలలో తమను పేగన్లమని పిలుచుకొనే వారు ఈ పండుగలను ఇళ్ళలో దీపాలు పెట్టి జరుపుకుంటున్నారు. వారు పాటించే ఎనిమిది పండుగల వరస ఒక పట్టికగా కుదిరింది మాత్రం 1950ల లోనే. పండుగలోని ఋతువు పాతదే కావచ్చు, దానికి తొడిగిన చొక్కా మాత్రం ఎప్పటికప్పుడు కొత్తది. మన సంగతి కూడా ఇంతే.

3

మన శాస్త్రకారులు ఈ విషయంలో మన నేటి సనాతనుల కన్న నిజాయితీపరులు. జైమిని మీమాంసా సూత్రాలలో "హోలాకాధికరణం" అని ఒక ఘట్టం ఉన్నది. దానికి శబరుడు రాసిన భాష్యంలో, హోలాక అనే ఆచారం తూర్పుదేశం వారిదనీ, వేరే ఆచారాలు దక్షిణాది వారివీ ఉత్తరాది వారివీ ఉన్నవనీ చెప్పి, ఇటువంటి ఆచారం ఆ దేశం వారికేనా లేక అందరికీనా అన్న చర్చ నడిపాడు. అందరికీనని తేల్చాడు. ఆ తీర్పు కన్న ఆ చర్చకున్న ప్రాతిపదిక మనకు ముఖ్యం. హోలాకను విధించే వేదవాక్యం ఏదీ కంటికి కనబడదు. శిష్టులు ఆచరిస్తున్నారు గనుక దానికి మూలమయిన వేదవాక్యం ఎక్కడో ఉండి ఉంటుందని ఊహించాలి. ఇదీ ఆ వాదపు మర్మం. అంటే ముందు జనం మంట వేశారు, తర్వాత పండితుడు దానికి వేదాన్ని వెతికాడు. ఈ మాట ఏ నాస్తికుడూ అన్నది కాదు, వేదప్రామాణ్యాన్ని నిలబెట్టడానికే పుట్టిన శాస్త్రంలో దొరుకుతున్నది.

వాత్స్యాయనుడి కామసూత్రంలో నాగరకుని వినోదాల పట్టికలో దేశాచారపు ఆటలు కొన్ని వస్తాయి. మామిడి కోసే ఆట, పచ్చి గింజలను కాల్చుకొని తినే ఆట, నీళ్ళు చిమ్ముకొనే ఆట అందులో ఉన్నవి. మంట, కొత్త గింజ, నీళ్ళు: వసంతపు పండుగకు కావలసిన సామగ్రి అంతా ఇక్కడ ఉన్నది. దేవుడి ప్రసక్తి మాత్రం లేదు.

మన నేలకు ఇంకా దగ్గరి సాక్ష్యం శాతవాహన రాజు హాలుని పేర వచ్చిన గాథాసప్తశతి. ప్రాకృతంలోని ఆ గాథలు ఎక్కువగా పల్లె జీవితానికి సంబంధించినవి. ఫాల్గుణపు ఉత్సవంలో ఒకరి మీద ఒకరు బురద పూసుకోవడం అందులో ఒక గాథకు వస్తువు. ఆ ఒక్కరోజు ఆ బురద పూతకు దోషం లేదన్న ధ్వని కూడా అందులో ఉన్నది. ఏడవ శతాబ్దపు శ్రీహర్షుని రత్నావళి నాటికి అదే ఉత్సవం రాజధాని వీధులకు, అంతఃపురపు తోటకు ఎక్కింది. గాథలోని బురద నాటికలో సుగంధపు పొడి అయింది. పల్లె నుంచి కోటకు నడిచేసరికి పండుగ ఎట్లా మారుతుందో ఈ రెండు రచనలను పక్కపక్కన పెట్టుకుంటే అర్థమవుతుంది.

కామదహన కథ సంగతి ఏమిటని అడగవచ్చు. శివుడు మన్మథుణ్ణి భస్మం చేసిన కథ గొప్ప కథే. కాని మంటకు కథ కారణం కాదు, కథకే మంట కారణం. లేకుంటే ఒకే పున్నమినాటి ఒకే మంటలో ఉత్తరాదిన హోలిక అనే రాక్షస స్త్రీ, మన దగ్గర కాముడు అనే దేవుడు కాలడం ఎట్లా కుదురుతుంది? నా చిన్ననాట మా గల్లీలో కాముడే కాలేవాడు. హోలిక పేరు నేను సినిమాలలో విన్నాను. నేడు మా మనుమరాలి తరగతిలో కాముడి పేరు ఎవరికీ తెలియదు. ఒక్క మనిషి జీవితకాలంలోనే కథ మారిపోయింది, మంట మారలేదు.

4

కోటకెక్కిన పండుగను మన తెలుగు రాజులు ఏం చేశారో సురవరం ప్రతాపరెడ్డి "ఆంధ్రుల సాంఘిక చరిత్ర" చదివినవారికి కొంత తెలుసు. 1949లో వెలువడిన ఆ గ్రంథం రాజుల వరసలను పక్కనబెట్టి జనం తిండీ, బట్టా, ఆటా, పండుగా చరిత్రకు వస్తువులని చూపింది. కొండవీటి రెడ్డిరాజులలో అనవేమారెడ్డికి "వసంతరాయ" అని బిరుదు. కుమారగిరిరెడ్డికి "కర్పూర వసంతరాయ" అని బిరుదు. ఏటేటా వసంతోత్సవాలలో కర్పూరం, కస్తూరి వంటి సుగంధ ద్రవ్యాలు వెదజల్లినందుకు వచ్చిన పేర్లవి. ఆ ద్రవ్యాలు సమకూర్చిన సెట్టి అవచి తిప్పయ్య. ఆయనకే శ్రీనాథుడు హరవిలాసం అంకితమిచ్చాడు. సింహళపు ఏనుగులు, హురుమంజి గుర్రాలు మొదలుకొని ఆ సెట్టి ఓడలు తెచ్చిన సరకుల ప్రశంస ఆ కావ్యంలోనే ఉన్నది. గాథాకాలపు పల్లెటూరివాడు చెరువు నుంచి చేతికందిన బురదతో ఆడుకున్న ఆట, పద్నాలుగో శతాబ్దపు చివరకు సముద్ర వర్తకానికి గిరాకీ అయింది. ఆ కర్పూరానికి వెల కట్టింది ఎవరు? పంటలో పాలు ఇచ్చుకున్న రైతు. అతని పండుగను అతనికే చూపించి, ఖర్చు అతని చేతనే పెట్టించారు.

సుమారు 1420లో విజయనగరం చూసిన ఇటలీ యాత్రికుడు నికొలో కాంటి, మూడు రోజుల పాటు దారిన పోయేవారందరి మీదా కుంకుమపువ్వు నీళ్ళు చల్లే పండుగను వర్ణించాడు. రాజూ రాణీ కూడా ఆ నీళ్ళకు మినహాయింపు కాదన్నాడు. దీన్ని చూసి సమానత్వం అని మురిసిపోనక్కరలేదు. ఏడాదికి మూడు రోజులు రాజు తడిస్తే, తక్కిన రోజులు ప్రజ తడిసిన కళ్ళతో ఉన్నా ఎవరూ అడగరు. వర్గ సమాజంలో తలకిందుల పండుగకున్న ప్రయోజనం ఇది. అయితే ఆ మూడు రోజుల జ్ఞాపకం కూడా చిన్నది కాదు. రాజు తడవగల మనిషేనని జనం కళ్ళారా చూశారు.

పండుగ మతాల గోడలు కూడా దాటింది. 1591లో హైదరాబాదు కట్టిన మహమ్మద్ కులీ కుతుబ్ షా దక్కనీ భాషలో వసంతం మీద, నౌరోజు మీద కవితలు రాశాడు. మొహర్రం మీద ఏ కలంతో రాశాడో, బసంత్ మీద అదే కలంతో రాశాడు. ఇటు తాళ్ళపాక అన్నమయ్య "జాజర" ఆట మీద కీర్తన కట్టాడు. జాజర అంటే వసంతంలో రంగులూ పరిమళాలూ చల్లుకొనే ఆట. ఆ మాటే మా కోలాటపు జాజిరి అని నాకు తోస్తుంది. భువనగిరి పల్లెలో మా మేనత్త నేర్చుకున్న పదం, అయిదారు వందల ఏండ్ల కిందట తిరుమల కొండ మీద పాటకు పల్లవి అయింది. కొండ మీది పాటను రాగిరేకుల మీద చెక్కి దాచారు. పల్లె పాటను దాచిన రేకు మా మేనత్త గొంతు ఒక్కటే.

5

ఇక పండుగలో అసలు ఏమున్నది? పని ఉన్నది, ఋతువు ఉన్నది. భోగి నాటికి రేగుపళ్ళు పండుతాయి. మాఘంలో అనుములూ చిక్కుళ్ళూ కాపు మీద ఉంటాయి గనుకనే రథసప్తమి పాయసం చిక్కుడు ఆకులో పెడతారు. ఫాల్గుణంలో ఆకు రాల్చిన అడవిలో మోదుగ ఒక్కటే మంటలా పూస్తుంది. ఆ పూలు ఉడకబెడితే వచ్చే నారింజ రంగు నీళ్ళే మా చిన్ననాటి హోలీ రంగు. ఉగాది పచ్చడిని చూడండి. కొత్త చింతపండు, కొత్త బెల్లం, పిందె మామిడి, వేపపూత. చెరకు ఆడి, చింత దులిపి, ఇంటికి చేరిన సరకంతా ఒక గిన్నెలో కలిపి నాలుక మీద పెట్టుకోవడం అది. జీవితంలోని కష్టసుఖాలకు షడ్రుచులు ప్రతీకలన్న వ్యాఖ్యానం అందమయినదే కాని, పచ్చడి ముందు పుట్టింది, వేదాంతం వెనక పుట్టింది.

ఈ పండుగల బూతుపాటలను చూసి మన సంస్కర్తలు సిగ్గుపడ్డారు. దామోదర్ ధర్మానంద్ కోశాంబి సిగ్గుపడలేదు, కారణం వెతికాడు. తిండి దొరకడమే గగనమయిన ఆదిమ దశలో సంతానం కలగడానికి కూడా ఉద్దీపన కావలసి వచ్చిందనీ, వ్యవసాయం నిలకడయిన తిండి ఇచ్చాక ఆ తంతుకు ప్రయోజనం పోయి బూతు మాత్రం మిగిలిందనీ వాదించాడు. కొన్నిచోట్ల హోలీ మంట దగ్గర ఆడవేషం వేసిన మగవాడు ఆడతాడనీ, ఇటువంటి తంతులు ఒకప్పుడు స్త్రీలవే అయి ఉంటాయనీ ఆయన సూచించాడు. ఈ సూచన చదివిననాడు నాకు వెంటనే మా మేనత్త గది గుర్తుకు వచ్చింది. స్త్రీల నుంచి పుట్టిన మంట ముందుకు స్త్రీ రాకూడదన్న నియమం ఎవరు పెట్టారు? ఋతువు పెట్టలేదు. ఆస్తి పెట్టింది, కులం పెట్టింది, వితంతువు పొలంలో వాటా అడగకుండా ఆమెను గదిలో కూచోబెట్టవలసిన ఇల్లు పెట్టింది.

ఋతువు మాట వచ్చింది గనుక మా అమ్మ పంచాంగం సంగతి ముగిస్తాను. సంక్రాంతి నాడు సూర్యుడు ఉత్తరానికి తిరుగుతాడని మన పంచాంగాలు చెబుతాయి. కాని ఆకాశంలో సూర్యుడు డిసెంబరు 21, 22 తేదీలలోనే తిరుగుతున్నాడు. భూమి ఇరుసు మెల్లగా దిశ మారడం వల్ల నక్షత్రాల లెక్కకూ ఋతువుల లెక్కకూ సుమారు 72 ఏండ్లకు ఒకరోజు చొప్పున తేడా వస్తుంది. సంక్రాంతీ, సూర్యుని నిజమయిన మలుపూ ఒక్కరోజున పడి దాదాపు పదిహేడు వందల ఏండ్లు దాటింది. ఈ పొరపాటును దిద్దడానికి 1952లో మేఘనాద్ సాహా అధ్యక్షతన పంచాంగ సంస్కరణ సంఘం ఏర్పడి, 1955లో నివేదిక ఇచ్చింది. దాని ప్రకారం 1957 మార్చి 22న, శక సంవత్సరం 1879 చైత్రం 1వ తేదీన, భారత జాతీయ పంచాంగం అమలులోకి వచ్చింది. పగలూ రాత్రీ సమానమయ్యే రోజు వెంబడే కొత్త సంవత్సరం. పార్సీల గడప మీద సుద్దముగ్గు చూసి మా అమ్మ అన్న "వీళ్ళకూ ఉగాదేనే" అన్న మాటకు, భౌతిక శాస్త్రవేత్త ఒకడు లెక్క కట్టి సంతకం చేసినట్టయింది. ఆ పంచాంగం నేడు ప్రభుత్వ గెజిట్ మీద ఉన్నది గాని మన గోడ మీద లేదు. ఆచారానికి ఆకాశం కన్న అలవాటు దగ్గర.

6

కనుక నేను చెప్పేది ఇది. మన నాయినల తరం హేతువాదం పండుగలో పారవేయవలసిన దాన్ని సరిగా గుర్తించలేదు. మంటను మూఢత్వం అన్నది, మంట చుట్టూ గీసిన గీతను చూడలేదు. పాటను అనాగరికం అన్నది, ఆ పాడే మనిషిని గదిలో పెట్టిన నాగరికతను అడగలేదు. అటువైపు సనాతనుడు ఆ గీతనే పండుగ అంటున్నాడు. మనం వదిలిపెట్టి వచ్చిన మంట చుట్టూ ఇవాళ అతను జెండాలు పాతుతున్నాడు, ఫలానా మతం వాళ్ళకు ఇక్కడ చోటు లేదంటున్నాడు. బసంత్ మీద రాసిన కుతుబ్ షా కట్టిన ఊళ్ళో ఈ మాట వినవలసి రావడం మన అజాగ్రత్తకు శిక్ష అనక తప్పదు.

అట్లాగని పండుగలో ఉన్నదంతా జనం సొత్తేనని నెత్తిన పెట్టుకోవలసిన పనీ లేదు. భోగిమంటలో టైర్లు కాల్చడం ఏ సంప్రదాయమూ కాదు. మోదుగ పూల స్థానంలో వచ్చిన రసాయనపు రంగు అవచి తిప్పయ్య కర్పూరానికి ఈనాటి వారసురాలు. పండుగ పేరిట ఇంట్లో ఆడవాళ్ళు తెల్లవారుజామున లేచి అర్ధరాత్రి దాకా పొయ్యి దగ్గర నిలబడి, మగవాళ్ళు భక్ష్యాలు తిని కునుకు తీస్తే, అది ఎవరి పండుగ? ఆ ప్రశ్నకు జవాబుగా మా ఇంట్లో ఉగాదినాడు పూర్ణం రుబ్బడం నా వంతు అయింది. మొదటి ఏడు అది పలచబడి పోలెపిండిలో నిలవలేదు. ఇప్పుడు నిలుస్తున్నది.

నేను ఇప్పుడు మారేడుపల్లిలో ఒక అపార్టుమెంటులో ఉంటున్నాను. కొన్నేండ్ల కిందట కాముని పున్నమికి ఆవరణలో చిన్న మంట వేద్దామని పదిమందిమి అనుకున్నాం. నిప్పు మా మెట్లు ఊడ్చే ఆమె వేస్తే బాగుంటుందన్నాను. ఆమె భర్త పోయిన మనిషి. ఆ మాట అన్నాక కొంత గొణుగుడు, కొంత వాదన. పద్ధతి కాదన్నారు కొందరు. ఏ గ్రంథంలో ఉన్నదో చూపమని నేను శబరుణ్ణి తీసుకువచ్చాను. శబరుడి వల్ల ఏమీ ఒరగలేదు, ఆ రాత్రి మంట చుట్టూ ఏడుగురమే మిగిలాం. ఆమె కూడా మొదట వెనకాడింది. "నాకెందుకు సారూ ఈ లొల్లి" అన్నది. ఆమె భయంలో న్యాయముంది. వాదన నాకు వినోదం, ఆమెకు అది ఉద్యోగం. చివరకు నా భార్యా, ఆమే కలిసి నిప్పు ముట్టించారు. ఆ ఏడుగురు మరుసటి ఏడు పదముగ్గురయ్యారు. ఇది విప్లవం అని నేను అనను. ఒక గీత కొంచెం చెరిగింది, అంతే.

ఆ మంట దగ్గరనే మనుమరాలు మొన్న ఆ ప్రశ్న వేసింది. ఆలస్యంగానయినా జవాబు ఇచ్చుకున్నాను. "బిడ్డా, ఈ మంట దేవుడి కోసం కాదు. చలి పోయింది, చెట్టు చిగురు పెట్టింది, ఇంటికి కొత్త గింజ వచ్చింది. ఆ సంగతి మనుషులు ఒకరికొకరు చెప్పుకోవడానికి వేస్తున్నం. అందుకే అందరూ ఉండాలె. ఒక్కరు తక్కువయినా ఆ సంగతి పూర్తిగా చెప్పినట్టు కాదు."

తర్వాత ఆమె అరచేతి మీద జాజిరి దరువు వేసి చూపించాను. మా మేనత్త వేసిన దరువే. ఆమె పోయి చాలా ఏండ్లయింది. ఆమె బతికుండగా ఆ తలుపు తెరవవలసినవాళ్ళలో నేను కూడా ఒకణ్ణి.